కొత్త కారు టైరులో గుర్రపు నాడా దిగింది... అపశకునమా? కురుక్షేత్రం మధ్యలో కృష్ణుడు ఏం చేశాడో చూడండి



వాహన పూజ మీద వీడియో పెట్టాక మెసేజ్‌లు చాలా వచ్చాయి. ఏ వారం కారు కొనాలి, నిమ్మకాయలు ఎన్ని పెట్టాలి, కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి... అన్నీ ఇలాంటివే. వాటి మధ్యలో ఒక అమ్మాయి ప్రశ్న ఉంది. అది చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. పేరు చెప్పను. ఆమె సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను.

పెళ్లయి నాలుగు నెలలైందట. ఆ ఇంట్లో ఇదే మొదటి కారు. షోరూమ్ దగ్గరే నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. తర్వాతి ఆదివారం యాదగిరిగుట్టలో స్వామి దగ్గర పూజ చేయిద్దామని తెల్లవారుజామునే ఉప్పల్ మీదుగా బయలుదేరారు. ఘట్‌కేసర్ ఇంకా రాలేదు, వెనక ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు. కాసేపట్లోనే కారు వెనక భాగం ఊగడం మొదలైంది. పక్కకి ఆపి చూస్తే టైరులో ఒక గుర్రపు నాడా, మేకులతో సహా దిగిపోయి ఉంది. ముందు రోజు రాత్రి ఏదో బారాత్‌లో గుర్రం కాలి నుంచి ఊడిపడి ఉంటుంది. ఆ రోడ్డు పక్కన ఫంక్షన్ హాళ్లకి కొదవేముంది!

మేకు దిగడం చూశాం, గాజుపెంకు చూశాం. నాడా దిగడం మాత్రం పంక్చర్ షాపు ఆయనే ఎప్పుడూ చూడలేదన్నాడట.

వెనక సీట్లో కూర్చున్న అత్తగారు మెల్లగా ఒక మాట అన్నారు: "కారు వచ్చి వారం కాలేదు, అప్పుడే ఇలా... ఎవరి పాదమో ఏమో." ఎవరూ ఏమీ మాట్లాడలేదు. భర్త స్టెప్నీ మార్చాడు. గుట్టకి వెళ్లకుండా ఇంటికి వచ్చేశారు. ఆ రోజు నుంచి ఈ అమ్మాయి ఆ కారు ఎక్కడం లేదు. ఆఫీసుకి మెట్రోలో వెళ్తోంది. చివర్లో ఇలా అడిగింది: "పంక్చర్ సంగతి కాదండీ. నిజంగా నేను ఆ ఇంటికి కలిసిరాలేదా?"

ముందు సమాధానం చెప్పేస్తాను. లేదమ్మా. ఆ నాడాకీ నీ జాతకానికీ, నీ పాదానికీ ఏ సంబంధమూ లేదు. ఇది నిన్ను ఓదార్చడానికి చెప్తున్న మాట కాదు. ఎందుకు లేదో మన గ్రంథాల నుంచే చూద్దాం.

గుమ్మానికైతే అదృష్టం, టైరుకైతే అపశకునమా?

గుర్రపు నాడాని మన ఊళ్లలో లాడం అని కూడా అంటారు. ఇదే నాడాని మనవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కుంటారు. నల్ల గుర్రం నాడా అయితే ఇంకా మంచిదని, శనిదోషం పోతుందని, దిష్టి తగలదని గుమ్మానికి కొట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నారు. అంటే గుమ్మానికి ఉంటే అదృష్టం, టైరులో ఉంటే దురదృష్టం అన్నమాట! ఇనుము మాత్రం ఒక్కటే. గుర్రం కాలు అరిగిపోకుండా కాపాడటం దాని పని. ఊడిపోతే రోడ్డు మీద పడి ఉంటుంది. మిగతా అర్థాలన్నీ మనం తగిలించినవే.

శకునాల మీద మనవాళ్లకి నమ్మకం లేదని నేను అనను. పంచాంగాల్లో కూడా శకునాల పేజీలు ఉంటాయి. కానీ పెద్దలు శకునం చూసింది దేనికి? బయలుదేరే ముందు ఒక్క నిమిషం ఆగడానికి, జాగ్రత్త పడటానికి. పక్కన కూర్చున్న మనిషి మీద తీర్పు చెప్పడానికి కాదు. జాగ్రత్త నేర్పే శకునం వల్ల ఎవరికీ నష్టం లేదు. మనిషిని వేలెత్తి చూపించడం మొదలుపెట్టిందంటే మాత్రం అది ధర్మం దాటిపోయినట్టే.

మరి నిమ్మకాయలు పని చేయలేదా అని కొందరు అడుగుతారు. నిమ్మకాయ తొక్కించడం అంటే "ఈ బండి ఎక్కినవాళ్లు క్షేమంగా దిగాలి" అని దండం పెట్టుకోవడం. అది ప్రార్థనే కానీ, దేవుడితో రాయించుకున్న అగ్రిమెంట్ కాదు. నిమ్మకాయ టైరులో గాలి చూడదు, రోడ్డు ఊడ్వదు. ఆ పనులు మనవి. ఇంకో మాట. ఆ ఆదివారం కారులో ఉన్న అందరూ క్షేమంగానే దిగారు. ప్రార్థన ఫలించలేదని ఎలా అంటాం?

దైవం ఐదోది. మనం దాన్ని ముందుకు తెస్తాం

భగవద్గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు ఒక చక్కని లెక్క చెప్తాడు. ఏ పని జరగాలన్నా 5 కారణాలు కలవాలట. పని జరిగే చోటు, చేసే మనిషి, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఆ వరుస ఒకసారి గమనించండి. దైవాన్ని కాదనలేదు. కానీ చివర చెప్పాడు.

మన పంక్చర్‌కి ఈ లెక్క వేసి చూడండి. చోటు ఏది? బారాత్‌లు తిరిగే రోడ్డు. పనిముట్లు ఏవి? రబ్బరు టైరు, ఇనుప మేకులు. ప్రయత్నాలు ఎవరివి? నాడా వదులైందో లేదో చూడని మనిషి, డీజే చప్పుడుకి బెదిరిపోతూ నడిచిన గుర్రం, ఆదివారం పొద్దున ఇంకా ఊడ్వని రోడ్డు. మసక వెలుతురులో నల్లటి రోడ్డు మీద నల్లటి ఇనుము ఏ డ్రైవర్‌కి మాత్రం కనిపిస్తుంది? ఇవన్నీ దాటాక ఐదోదిగా దైవం అనండి, తప్పులేదు. మనం ఏం చేస్తాం? మొదటి నాలుగూ వదిలేసి నేరుగా ఐదోదాని దగ్గరికి పరిగెత్తుతాం. అక్కడా దేవుణ్ణి ఏమీ అనలేం కాబట్టి పక్కనున్న మనిషిని పట్టుకుంటాం. ఎప్పుడైనా గమనించారా, ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఇంటికి కొత్తగా వచ్చిన ఆడపిల్లే అవుతుంది. అల్లుడి పాదం ఎలాంటిదని ఎవరూ అడగరు!

ఇక్కడ టైర్ల గురించి ఒక చిన్న విషయం చెప్పాలి. రోడ్డు మీద మేకు సాధారణంగా పడుకుని ఉంటుంది. ముందు చక్రం దాని మీద నుంచి వెళ్లేటప్పుడు అది ఎగిరి నిలబడుతుంది. అలా నిలబడ్డది వెనక చక్రంలో దిగుతుంది. అందుకే మేకులు, ఇనుప ముక్కల వల్ల వచ్చే పంక్చర్లు వెనక టైర్లకే ఎక్కువ. కదిలించింది ముందు చక్రం, దెబ్బ తిన్నది వెనక చక్రం.

ఇళ్లల్లోనూ అంతే కదండీ. ఎప్పటినుంచో నేలమీద పడి ఉన్న ఒక భయాన్ని ముందున్నవాళ్లు కదిలిస్తారు. వెనక వచ్చినవాళ్లకి అది గుచ్చుకుంటుంది. ఆ అత్తగారు కూడా ఈ మాట తన అత్తగారి నోటి నుంచే విని ఉంటారు. అప్పుడు ఆవిడకీ గుచ్చుకునే ఉంటుంది. ఆవిణ్ణి తిట్టడానికి చెప్పడం లేదు. రోడ్డు మీద టైరు పోతే కొడుకుకి ఏమైనా అయ్యేదేమో అని ఆవిడ గుండె జారిపోయింది. ఆ భయమే అలా మాటగా బయటికి వచ్చింది. భయం నిజమైనదే. అది పట్టుకున్న మనిషి మాత్రం తప్పు.

సూర్యాస్తమయం లోపు పని... అయినా కృష్ణుడు రథం ఆపాడు

ఇప్పుడు మహాభారతంలోకి వెళ్దాం. ద్రోణపర్వం, యుద్ధంలో 14వ రోజు. ముందు రోజే అభిమన్యుడు పద్మవ్యూహంలో చనిపోయాడు. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. సైంధవుడు ఎక్కడో సైన్యం వెనక దాక్కున్నాడు. మధ్యలో ద్రోణుడి వ్యూహం. పొద్దు వాలుతోంది. ఇంతకంటే అర్జెంటు ప్రయాణం లోకంలో ఉంటుందా?

అలాంటి సమయంలో రథం నెమ్మదించింది. గుర్రాలు అలసిపోయాయి. వాటి ఒంటి నిండా బాణాలు దిగి ఉన్నాయి. దాహంతో నాలుకలు ఎండిపోతున్నాయి. మనమైతే ఏం చేస్తాం? "ఇంకొంచెం లాగించేద్దాం, దిగాక చూసుకుందాం" అంటాం. గాలి పోయిన టైరుతో రెండు కిలోమీటర్లు నడిపి రిమ్ము కూడా పాడుచేసుకునేవాళ్లు మనలో ఎంతమంది లేరు!

అర్జునుడు రథం దిగి నేలమీద నిలబడ్డాడు. వస్తున్న శత్రువులందర్నీ తన బాణాలతో ఆపాడు. కృష్ణుడు గుర్రాలని విప్పాడు. నీళ్లు లేవంటే అర్జునుడు అస్త్రంతో భూమిని చీల్చి కొలను సృష్టించాడు. చుట్టూ బాణాలతోనే ఒక ఇల్లులాగా కట్టాడు. కృష్ణుడు ఆ యుద్ధభూమి నడిబొడ్డున నవ్వుతూ, కంగారు లేకుండా ఆ తెల్ల గుర్రాల ఒంట్లో దిగిన బాణాల్ని ఒక్కొక్కటిగా తన చేతులతో తీశాడు. ఒళ్లు రుద్దాడు. నీళ్లు తాగించాడు. అలసట తీరాక మళ్లీ రథానికి కట్టాడు. చుట్టూ ఉన్న కౌరవ వీరులు ఆశ్చర్యపోయి చూశారు. ఆ సాయంత్రం ప్రతిజ్ఞ నెరవేరింది.

ఈ కథలో నాకు బాగా నచ్చింది, అక్కడ ఎవరూ ఎవర్నీ తప్పు పట్టకపోవడం. "నీ ప్రతిజ్ఞ వల్లే ఇదంతా" అని కృష్ణుడు అనలేదు. "నువ్వు సరిగ్గా తోలలేదు" అని అర్జునుడు అనలేదు. "మంచి పని మీద వెళ్తుంటే గుర్రాలు ఆగాయి, వెనక్కి వెళ్లిపోదాం" అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆగిపోవడాన్ని వాళ్లు అపశకునం చేసుకోలేదు. ఒకరు కాపలా కాశారు, ఇంకొకరు గుచ్చుకున్నది తీశారు. అంతే.

కాబట్టి గుట్టకి వెళ్తూ టైరు పోతే అర్థం, స్వామి రావద్దన్నాడని కాదు. టైరు మార్చుకుని రమ్మన్నాడని. నరసింహస్వామి ఎక్కడికీ వెళ్లిపోడు. గంట ఆలస్యమైతే ఏమవుతుంది?

రోడ్డు పక్కన చేయాల్సిన పని

కృష్ణార్జునులు చేసిన వరుసనే మనకి అన్వయించుకుందాం. వీడియోలో టైమ్ సరిపోలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఆగడం. టైరు పోయిందని తెలియగానే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమ పక్కకి తీయండి. గట్టి నేల, సమంగా ఉన్న చోటు చూసుకోండి.

రెండోది అర్జునుడి పని, అంటే కాపలా. కారులో ఉన్నవాళ్లని రోడ్డుకి దూరంగా, రెయిలింగ్ ఉంటే దాని వెనక నిలబెట్టండి. ముఖ్యంగా పిల్లల్ని, పెద్దవాళ్లని. ఎర్ర త్రికోణం బోర్డు హైవే మీదైతే కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. బాణాల ఇల్లు కట్టడం మనకి రాదు కానీ ఇది మనం చేయగలం. అక్కడ భయంగా ఉంటే, చీకటి పడితే, టైరు రోడ్డు వైపు ఉంటే మీరే మార్చాలని పంతం వద్దు. జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేయొచ్చు.

మూడోది గుచ్చుకున్నదాని సంగతి. దాన్ని చూడగానే కోపంతో పీకేయకండి. ట్యూబ్‌లెస్ టైరులో చిన్న మేకు దిగితే, ఆ మేకే చాలాసేపు గాలిని పట్టి ఉంచుతుంది. పీకిన క్షణం ఉన్న గాలి కూడా పోతుంది. తీయడానికి ఒక చోటు ఉంది, తీసే చెయ్యి ఒకటి ఉంది. నాడా లాంటిది దిగి గాలి మొత్తం పోతే స్టెప్నీ మార్చడమే దారి. హ్యాండ్‌బ్రేక్ వేయండి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టండి. జాకీ ఎత్తకముందే నట్లు కొంచెం వదులు చేయండి. కొత్త చక్రం ఎక్కించాక నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురువి బిగించండి. కారు కిందకి దించాక మళ్లీ ఒకసారి గట్టిగా బిగించండి.

తర్వాత పంక్చర్ షాపుకి వెళ్లండి. టైరు నేలకి తగిలే భాగంలో చిన్న రంధ్రమైతే బాగుచేస్తారు. పక్క గోడకి పడితే మాత్రం టైరు మార్చాల్సిందే. అక్కడ పొదుపు చేయకండి. టైరు బాగు చేసిన మనిషి దగ్గర పది రూపాయల కోసం బేరం ఆడకండి. దసరాకి ఆయుధ పూజ చేస్తాం కదా. ఆయన చేతిలో ఉన్న స్పానర్ కూడా ఆయుధమే, ఆయనకి అన్నం పెట్టేది అదే.

ఇంకో చిన్న అలవాటు. నెలకి ఒకసారి బండి నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోండి. స్టెప్నీకి కూడా. డిక్కీలో ఉన్న స్టెప్నీ సంగతి అవసరం వచ్చేదాకా ఎవరికీ గుర్తురాదు. ఇప్పుడు కొన్ని కార్లలో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తున్నారు. మీ కారులో ఏది ఉందో ఇవాళే డిక్కీ తెరిచి చూడండి.

శల్యం అంటే ఏమిటో తెలుసా?

గుర్రాల ఒంట్లో నుంచి కృష్ణుడు తీసిన వాటిని సంస్కృతంలో శల్యాలు అంటారు. ఒంట్లో దిగి బాధపెట్టే ములుకు, ముల్లు, ఇనుప ముక్క... ఏదైనా శల్యమే. ఆయుర్వేదంలో 8 అంగాలున్నాయి. అందులో శస్త్రచికిత్సకి పేరు శల్యతంత్రం. గుచ్చుకున్నదాన్ని బయటికి తీసే విద్య అని. సుశ్రుతుడు దాన్నే ముందు పెట్టాడు.

ఇప్పుడు ఇంకో రథం గుర్తుచేసుకోండి. 17వ రోజు కర్ణుడి రథం. ఆ రథం తోలినవాడి పేరు శల్యుడు!

శల్యుడు మద్రదేశపు రాజు, నకుల సహదేవులకి మేనమామ. గొప్ప సారథి. కానీ కర్ణుడి ధైర్యం దెబ్బతినేలా మాట్లాడతానని ధర్మరాజుకి ముందే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ రోజంతా అదే పని చేశాడు. నువ్వు అర్జునుడికి సాటి కావన్నాడు. హంసతో పందెం వేసిన కాకి కథ చెప్పి పొడిచాడు. చివరికి చక్రం భూమిలో దిగిపోయింది. కర్ణుడు తనే దిగి చక్రం ఎత్తబోయాడు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. చక్రం కుంగడానికి శాపాలున్నాయి, కర్ణుడి తప్పులూ ఉన్నాయి, కాదనను. నేను చూడమంటున్నది సారథుల్ని. ఒక రథం మీద ఉన్నవాడు శల్యాలు తీశాడు. ఇంకో రథం మీద ఉన్నవాడు పేరుకే కాదు, మాటలతోనూ శల్యమయ్యాడు.

చక్రం ఆగిన రోజున మన పక్క సీట్లో ఎవరు కూర్చున్నారన్నదే అసలు విషయం. అంతకంటే ముందు, ఎవరి పక్కనో మనం ఎలా కూర్చున్నామో చూసుకోవాలి. "నేను ముందే చెప్పా, ఆ రోడ్డులో వద్దని." "నీ డ్రైవింగే అంత." "ముహూర్తం బాలేదు." "ఎవరి పాదమో." ఇవన్నీ శల్యాలే. టైరులో దిగిన నాడాని పంక్చర్ షాపులో పది నిమిషాల్లో తీసేశారు. "ఎవరి పాదమో" అన్న మాట మాత్రం ఆ అమ్మాయి మనసులో ఇంకా అలాగే ఉంది. కాలిలో ముల్లునీ ఇంట్లో పోరునీ వేమన ఊరికే ఒకే పద్యంలో పెట్టలేదు.

అందుకే ఆ ఇంట్లోవాళ్లకి మూడు మాటలు.

అబ్బాయ్, నువ్వు స్టెప్నీ బాగా మార్చావు. కానీ సగం పనే చేశావు. అమ్మ ఆ మాట అన్నప్పుడు ఊరుకున్నావు. అమ్మతో గొడవ పడమని చెప్పడం లేదు. "అమ్మా, రోడ్డు మీద ఇనుము పడి ఉంటే తను ఏం చేస్తుంది? భయపడ్డావు కదా, రా, ఇలా నీడలో కూర్చో" అంటే చాలు. అమ్మ భయమూ తగ్గేది, భార్యకి గుచ్చుకున్నదీ బయటికి వచ్చేది. ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. ఇద్దరి ముందూ ఆ మాట చెప్పు. సారథివి నువ్వే.

అత్తయ్యగారూ, మీకు నమస్కారం. మీ అబ్బాయి క్షేమం కోసమే మీ ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ కారులో మీ కోడలు కూడా ఉంది. నాడా ఆమెకీ ప్రమాదమే కదా! దానికి ఆమెనే కారణం అంటే ఎలా? ఈసారి మీరే ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని గుట్టకి తీసుకెళ్లండి. అంతకంటే పెద్ద దిష్టి తీయడం ఇంకేముంది?

అమ్మా, నువ్వు కారు ఎక్కడం మానేయకు. మానేస్తే ఆ మాట నిజమని నువ్వే ఒప్పుకున్నట్టు అవుతుంది. రేపే ఎక్కు. వెనక సీట్లో కాదు, ముందు సీట్లో. డ్రైవింగ్ వస్తే నువ్వే నడుపు. రాకపోతే నేర్చుకో. "అత్తయ్యా, మీరన్న మాట నాకు బాధేసింది" అని నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. కోపంతో పీకకు, లోపల దాచుకోకు. గుచ్చుకున్నది మంచి చోట, మెల్లని చేత్తో తీయాలి. టైరుకైనా, మనసుకైనా అదే పద్ధతి. కొన్నిసార్లు ఎంత మెల్లగా తీసినా రాదు. మాటలు రోజూ గుచ్చుతూనే ఉంటే భరించడమే ధర్మం అనుకోకు. పుట్టింటివాళ్లకి చెప్పు, నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పు.

టైరులోది తీశాం, మనసులోది తీశాం. మరి రోడ్డు మీదిది?

మనం పూజ చివర శాంతి అని మూడుసార్లు అంటాం. ఎందుకు మూడు? మనకి వచ్చే తాపాలు మూడు రకాలు కాబట్టి. మన శరీరం, మనసు వల్ల వచ్చేవి ఆధ్యాత్మికం. తోటి ప్రాణుల వల్ల, చుట్టూ ఉన్నవాటి వల్ల వచ్చేవి ఆధిభౌతికం. వాన, పిడుగు, భూకంపం లాంటివి ఆధిదైవికం. నాడా గుచ్చుకోవడం రెండో రకం. ఈ రెండో రకంలో ఒక విశేషం ఉంది. ఇతరుల వల్ల మనకి వస్తుంది, మన వల్ల ఇతరులకీ పోతుంది. కాబట్టి రెండో శాంతి చెప్పేటప్పుడు దేవుణ్ణి అడగడమే కాదు, మనం కూడా ఒక మాట ఇస్తున్నట్టే. నా వల్ల ఎవరికీ గుచ్చుకోకుండా చూసుకుంటాను అని.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో 15 అధికరణాలున్నాయి. నాలుగోదాని పేరు కంటకశోధనం. కంటకం అంటే ముల్లు. ప్రజల్ని పీడించే మోసగాళ్లు, దొంగలు లాంటి ముళ్లని ఏరివేయడం రాజు ధర్మమని అందులో ఉంటుంది. ఇంకోచోట నగరం గురించి చెప్తూ, వీధిలో చెత్తమట్టి పోస్తే పణంలో 8వ వంతు, బురద నీళ్లు నిలిచేలా చేస్తే పావు పణం జరిమానా అన్నాడు. అంటే దారి శుభ్రంగా ఉండటాన్ని అంత పాతకాలంలోనే పెద్ద విషయంగా తీసుకున్నారు. మన ధర్మంలో ఇష్టం, పూర్తం అని రెండున్నాయి. యజ్ఞాలు, హోమాలు ఇష్టం. బావి తవ్వించడం, చెరువు కట్టించడం, చెట్లు నాటడం పూర్తం. ఎండాకాలం చలివేంద్రం పెడితే పుణ్యం అంటాం కదా. ఎవరో ముక్కూమొహం తెలియని బాటసారి చల్లగా వెళ్లాలని చేసే పని అది. రోడ్డు మీద ముల్లు తీయడం కూడా ఆ వరసలోదే.

మీ టైరులో నుంచి తీసిన మేకుని ఎక్కడ వేశారు? చాలామంది కోపంతో రోడ్డు పక్కకి విసిరేస్తారు. నాలుగు రోజులకి అది మళ్లీ రోడ్డెక్కుతుంది. ఈసారి అది కారు టైరు కాకపోవచ్చు. రాత్రి పార్సిల్ తీసుకెళ్లే డెలివరీ కుర్రాడి బండి కావొచ్చు. కారుకి పంక్చర్ అయితే గంట ఆలస్యం. ఆ కుర్రాడికైతే బండి జారి ప్రాణం మీదికి రావొచ్చు. చెప్పులు లేకుండా తిరుమలకో శ్రీశైలానికో నడిచి వెళ్లే భక్తుడి పాదం కావొచ్చు. ఎవరి పాదమో అని అడగాల్సింది ఇక్కడ!

అందుకని మన ఛానల్ కుటుంబానికి ఈ వారం ఒక నియమం. డిక్కీలో ఒక మందపాటి గుడ్డసంచి, ఒక జత చేతితొడుగులు పెట్టుకోండి. మీ వీధిలో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, పార్కింగ్‌లో, గుడి ముందు మేకు, గాజుపెంకు, తీగముక్క కనిపిస్తే తీసి అందులో వేయండి. పాత ఇనుము కొనేవాళ్లకి ఇచ్చేయండి. వేగంగా వాహనాలు పోయే హైవే మధ్యలోకి మాత్రం ఎవరూ దిగకండి. పుణ్యం పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. అక్కడ ఏదైనా పడి ఉంటే సురక్షితమైన చోట ఆగి 1033కి చెప్పండి. ఇంట్లో పెళ్లి ఉంటే బారాత్ అయ్యాక టపాకాయల తీగలు, పగిలిన సీసాలు ఊడ్పించే బాధ్యత కూడా పెళ్లివాళ్లదే అనుకోండి. దానికి ఒక మనిషిని ముందే మాట్లాడుకోండి. గుర్రం తెచ్చినవాళ్లని నాడాలు గట్టిగా ఉన్నాయా అని ఒక్కమాట అడగండి. ఆ మూగజీవికీ మంచిదే.

అలాగే రోజుకి ఒక్కసారైనా నోటి దాకా వచ్చిన శల్యం లాంటి మాటని లోపలే ఆపేయండి. రాత్రి పడుకునే ముందు లెక్క చూసుకోండి: ఇవాళ ఎన్ని ముళ్లు తీశాను, ఎన్ని వేశాను? తీసినవి ఒక్కటి ఎక్కువున్నా ఆ రోజు పూజ చేసినట్టే.

గుర్రాల ఒంట్లో బాణాలు తీసిన ఆ పార్థసారథి మీ అందరి ప్రయాణాల్లోనూ పక్కనే ఉండాలని, మీరు కూడా ఎవరో ఒకరికి అలాంటి సారథి కావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

జై శ్రీకృష్ణ. శుభం.